పద్యం ముందు చెవికెక్కాలి, పట్టిక సంగతి తర్వాత

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ విద్యార్థుల పేజీలో కవిత్వం మూలాంశాలు, ప్రక్రియలు అంటూ నిండు పేజీ వేశారు. ముందుగా అందుకు థాంక్స్, ఎందుకంటే కోచింగ్ ప్రకటనలకీ మోడల్ పేపర్లకీ మధ్య పద్యానికి పేజీ దొరకడమే ఈ రోజుల్లో పెద్ద విషయం. కానీ ఆ పేజీ చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఎడమవైపు గణాల (పలకడానికి ఎక్కువ సేపు పట్టే గురువులు, తక్కువ పట్టే లఘువుల గుంపుల) పట్టిక, కుడివైపు వృత్తాల (ఉత్పలమాల, చంపకమాల లాంటి పద్యాల) పట్టిక, కింద అలంకారాలకి తలా ఒక లైను నిర్వచనం, మూలన రసాలు తొమ్మిది అని ఒక బాక్సు. అన్నీ ఉన్నాయి గానీ పేజీ మొత్తం వెతికినా ఒక్క పద్యం లేదు, ఒక్క కవితా లేదు. కవిత్వం గురించిన పేజీలో కవిత్వం లేకపోవడం ఏమిటండీ?

ఇది మీ ఒక్కరి తప్పని అనను. తెలుగు చెప్పేవాళ్ళం మేమూ దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే. పరీక్షలో "ఏ పద్యపాదమో గుర్తించి గణవిభజన చేయండి" అని అడుగుతారు కాబట్టి పిల్లలకి దారి చూపించేస్తాం: మొదటి గణం భ అయితే ఉత్పలమాల, న అయితే చంపకమాల, మ అయితే శార్దూలం, స అయితే మత్తేభం, మార్కులు వచ్చేస్తాయి, వెళ్ళు. వాడు మొదటి మూడు అక్షరాలు చూసి ఆగిపోతాడు, మిగతా పాదం చదవాల్సిన పనే ఉండదు. మార్కులైతే నిజంగానే వస్తాయి, ఆ పద్యంలో ఏముందో మాత్రం వాడికి జన్మలో తెలియదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే, వరస తిరగేయండి. ముందు వినిపించాలి, నోటితో అనిపించాలి, చెవికి ఏదో తేడా తెలిశాక అప్పుడు దాని పేరు చెప్పాలి.

గురులఘువుల దగ్గరే మొదలుపెడదాం. మీ పేజీలో గురువు ఎప్పుడెప్పుడు అవుతుందో సూత్రాలన్నీ వేశారు, దీర్ఘం అయినా, సున్న ఉన్నా, విసర్గ ఉన్నా, పొల్లు హల్లు కలిసినా, తర్వాత వచ్చే అక్షరం సంయుక్తమో ద్విత్వమో అయినా అని. తప్పేం లేదు. కానీ ఇవి చదివిన పిల్లాడికి "అమ్మ" అని రాసి గుర్తులు పెట్టమనండి, పదిమందిలో సగం మంది ఒత్తు కనబడింది కదా అని "మ్మ" మీద గురువు పెడతారు. అదే పిల్లాణ్ణి గట్టిగా "అమ్మ" అని పిలవమనండి. నోరు ఎక్కడ ఆగింది? "అ" మీద ఆగింది, "మ్మ" చటుక్కున వచ్చేసింది. అంటే గురువు "అ", లఘువు "మ్మ". నాలుక ఎక్కడ నిలబడిందో గమనించడం వస్తే సూత్రాలు వాటంతట అవే గుర్తుంటాయి, ఎందుకంటే సూత్రం పుట్టింది నోటిలోంచే, లఘువుకి పట్టే కాలం ఒక మాత్ర, గురువుకి రెండు, అంతే కదా లెక్క.

ఇప్పుడు తెలుగు వచ్చిన ప్రతి ఒక్కరికీ నోటికొచ్చిన పద్యం ఒకటి తీసుకుందాం. వేమనది.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు

దీని అర్థం నీతి పాఠంలో చెప్పేస్తాం, లక్షణం వ్యాకరణం పీరియడ్‌లో చెప్తాం, రెండూ ఒకే పద్యంలో కలిసి ఉన్నాయని చెప్పడం మర్చిపోతాం. ఇది ఆటవెలది అనే రకం పద్యం, దీని మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, వాటికన్నా పొడుగైన ఇంద్రగణాలు రెండు. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే రకాలు, ఒకటి గురువు లఘువు, ఇంకోటి మూడు లఘువులు, అంటే ఎటు చూసినా మూడు మాత్రలే. ఉప్పు, కప్పు, రంబు, ఇవి మూడూ సూర్యగణాలు, "నొక్కపో", "లికనుండు" ఇంద్రగణాలు. ఇక రెండో పాదం చదవండి: చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. ఒకే కొలతలో అయిదు అడుగులు పడ్డాయి, మొదటి పాదం చివర సాగిన గొంతు రెండో పాదంలో చకచకా నడిచి ఠక్కున ఆగింది. మొదటి పాదం రెండూ ఒకేలా ఉన్నాయి చూడు అని సాగదీస్తుంది, రెండోది రుచి చూస్తే తేలిపోతుందని తేల్చేస్తుంది. ఆటవెలదిలో మాట ఇంత బాగా కుదరడానికి ఈ సాగడం, తేలడం ఒక కారణం అని నా అభిప్రాయం. మూడో పాదం, నాలుగో పాదం కూడా ఇదే వరస, చివర "వినుర వేమ" అనేసరికి తీర్పు చెప్పినట్టు ఎందుకు వినిపిస్తుందో పిల్లలకి ఇప్పుడు తెలుస్తుంది.

యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒకచోట జవాబు పలికే అక్షరం, అది కూడా ఈ రెండు పాదాల్లోనే దొరుకుతుంది, అదీ రెండు రకాలుగా. ఆటవెలదిలో యతి నాలుగో గణం మొదటి అక్షరం. మొదటి పాదం "ఉ"తో మొదలైంది, నాలుగో గణం "నొ"తో. ఉ ఎక్కడ, నొ ఎక్కడ అని పిల్లలు అడగాలి, అడిగితేనే క్లాసు బాగుంటుంది. అక్కడున్న మాట "ఒక్క", ముందున్న నకారం ద్రుతం (మాట చివర చేరే నకారం) వల్ల వచ్చి చేరింది, కాబట్టి చూడాల్సింది ఒ. ఉ, ఊ, ఒ, ఓ ఒకదానికొకటి యతిమైత్రి ఉన్న అచ్చులు, కుదిరింది. రెండో పాదంలో "చూ", "జా". చకార జకారాలకి మైత్రి ఉంది గానీ ఊకారానికీ ఆకారానికీ లేదు, మరి యతి తప్పిందా? తప్పలేదు, అక్కడ ప్రాసయతి వేశాడు. చూడ, జాడ, రెండిట్లోనూ రెండో అక్షరం డకారం. ఆటవెలదిలో, తేటగీతిలో, సీసంలో ఈ వెసులుబాటు ఉంది. చూడ, జాడ అని చెవికి ఎంత బాగా కలిశాయో పిల్లలందరికీ ముందే తెలుసు, దాన్ని ప్రాసయతి అంటారని చివర్లో చెప్తే చాలు. అంతేగానీ మీ పేజీలోలాగా "యతిస్థానమున యతికి బదులు ప్రాసను పాటించుట ప్రాసయతి" అని మొదలుపెడితే ఆ వాక్యం దగ్గరే పిల్లాడు మనకి దూరమైపోతాడు.

అన్నట్టు ప్రాస విషయంలో ఒక గందరగోళం ఉంది, మీ పేజీ చదివాక అది ఇంకా పెరిగేలా ఉంది. సినిమా పాటలు వినీ వినీ పిల్లలు ప్రాస అంటే లైను చివర కలవడం అనుకుంటున్నారు. పద్యంలో ప్రాస నియమం పాదంలో రెండో అక్షరానికి సంబంధించినది, నాలుగు పాదాల్లోనూ ఆ హల్లు ఒకటే ఉండాలి. పాదం చివర కలిసేది అంత్యప్రాస, అది ఉంటే అందం, లేకపోతే తప్పేం లేదు. వృత్తాల్లో, కందంలో ప్రాస తప్పనిసరి. ఆటవెలదికీ తేటగీతికీ ఆ నియమం లేదు. ద్విపదకి ఉంది, ప్రాస లేని ద్విపదని మంజరీ ద్విపద అంటారు. ఇంతకన్నా దీని మీద సాగదీయక్కర్లేదు.

వృత్తాల దగ్గరికొస్తే మీ పట్టికలో నాలుగు వరసలు, ఒక్కోదానికి గణాలు, అక్షరాల సంఖ్య, యతి స్థానం. పిల్లాడు నాలుగూ బట్టీ పట్టాలి. నిజానికి బట్టీ పట్టాల్సింది రెండే. ఉత్పలమాలకి భ ర న భ భ ర వ, 20 అక్షరాలు. మొదటి అక్షరం గురువు. ఆ ఒక్క గురువుని విడదీసి రెండు లఘువులు పెట్టండి, మిగతా పాదాన్ని ముట్టుకోకండి, అదే చంపకమాల! న జ భ జ జ జ ర అని పైకి వేరేగా కనిపిస్తుంది గానీ గురులఘువులు పక్కపక్కన రాసి చూస్తే తేడా మొదట్లో మాత్రమే. ఒక అక్షరం పెరిగింది కాబట్టి 21 అయ్యాయి, యతి 10వ అక్షరం నుంచి 11కి జరిగింది. శార్దూలానికీ మత్తేభానికీ ఉన్న సంబంధం కూడా అచ్చంగా ఇదే. ఈ సంగతి బోర్డు మీద రాసి చూపిస్తే పిల్లల మొహాలు వెలుగుతాయి, ఎవరో గుట్టు విప్పినట్టు. ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పలేదు అని అడుగుతారు కూడా, దానికి నా దగ్గర జవాబు లేదు.

దీంతో ఇంకో లాభం ఉంది. గురువుతో మొదలైతే ఎత్తుగడ ఎలా ఉంటుంది, నాలుగు లఘువులతో మొదలైతే ఎలా ఉంటుంది అన్నది వినమని చెప్పొచ్చు. శార్దూలంలో మొదట మూడూ గురువులే, గొంతు నిండుగా పెట్టకుండా ఆ పాదం ఎత్తుకోవడం కుదరదు. చంపకమాల తేలిగ్గా పరుగు తీస్తూ మొదలవుతుంది. కవి ఏ వృత్తం ఎంచుకున్నాడన్నది సందర్భాన్ని బట్టి ఉంటుందని పిల్లలకి చెప్పేది ఇక్కడే. ప్రతిసారీ అలాగే ఉంటుందని కాదు, కోపానికి శార్దూలం, శృంగారానికి ఉత్పలమాల అని మళ్ళీ ఇంకో పట్టిక తయారు చేయకండి దయచేసి.

రూపమూ అర్థమూ ఒకటైపోయిన పద్యం చూపించాలంటే నాకు వెంటనే తట్టేది పోతన గజేంద్రమోక్షంలో కందం. చెప్పాపెట్టకుండా విష్ణువు పరుగెత్తుతున్నాడు, వెనకాల లక్ష్మీదేవి, ఎక్కడికని అడుగుదామా వద్దా అని. ఆ పద్యంలో చివరి రెండు పాదాలు:

వెడవెడ చిడిముడి తడబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

చిట్టచివరి అక్షరం తప్ప ఈ రెండు పాదాల్లో అన్నీ లఘువులే. ఎక్కడా నిలబడే చోటు లేదు, డకారం మీద నాలుక తడబడుతూనే ఉంటుంది. ఆవిడ కాలు ఎలా పడుతోందో పద్యం అలాగే పలుకుతోంది. కష్టమైన మాటలకి అర్థం తెలియకముందే తొందరగా చదవమనండి, నాలుక తిరక్క పిల్లలు నవ్వుతారు, ఆ నవ్వులోనే సగం పాఠం అయిపోతుంది. తర్వాత డకారం ఇలా మళ్ళీ మళ్ళీ రావడాన్ని వృత్త్యనుప్రాస అంటారనీ, కందంలో రెండో పాదం, నాలుగో పాదం చివర గురువు ఉండి తీరాలనీ, అందుకే "లన్" అని ఆగిందనీ చెప్తే ఆ నియమం ఇక మరచిపోరు. కందం నియమాలు కాస్త ఎక్కువే. 1, 3 పాదాల్లో మూడేసి గణాలు, 2, 4 పాదాల్లో అయిదేసి, అన్నీ నాలుగు మాత్రల గణాలే, రెండేసి పాదాలు కలిపి లెక్కపెడితే బేసి స్థానంలో జగణం (లఘువు, గురువు, లఘువు) రాకూడదు, ఆరో గణం జగణమో నలమో (నాలుగు లఘువులు) అయి ఉండాలి. కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అని ఊరికే అనలేదు. ఇన్ని బంధాల మధ్య సుమతీ శతకంలో అంత తేలిక మాటలు ఎలా కుదిరాయో అని ఆశ్చర్యపడటం నేర్పితే చాలు, నియమాలన్నీ ఒక్క రోజులో రాకపోయినా ఫర్వాలేదు.

గణాల కన్నా మాత్రలు పిల్లలకి ఇంకా తొందరగా అందుతాయి, చప్పట్లతో పని అయిపోతుంది కాబట్టి. గురజాడ ముత్యాల సరం అనే మాత్రల ఛందస్సు తీసుకోండి. "మంచి అన్నది పెంచుమన్నా", మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్ళీ మూడు, మళ్ళీ నాలుగు, మొత్తం 14. మంచి, అన్నది, పెంచు, మన్నా. ఇది మిశ్రగతి. దీని ముందు పాదం "దేశమును ప్రేమించుమన్నా" దగ్గర తెలివైన పిల్లాడు ఒక ప్రశ్న వేస్తాడు, ను పక్కన ప్రే అని సంయుక్తాక్షరం ఉంది కదా, ను గురువు కావాలి కదా, అప్పుడు 15 అవుతాయి కదా అని. అలా అడిగిన పిల్లాడికి నేనైతే పూర్తి మార్కులు వేస్తాను. "దేశమును" వేరే మాట, "ప్రేమించు" వేరే మాట, సమాసం కాదు కాబట్టి నోరు ఆ ను మీద ఆగదు, అది లఘువే. మళ్ళీ అమ్మ దగ్గర చూసిన సంగతే, ముందు నోరు, తర్వాత సూత్రం.

అలంకారాల గురించి క్లుప్తంగా. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు ముక్కలు వేశారు, బాగానే ఉంది. కానీ ఉపమకి ఒక ఉదాహరణ, రూపకానికి ఇంకొకటి, ఉత్ప్రేక్షకి మరొకటి ఇచ్చేసరికి మూడింటికీ తేడా ఏమిటో అంతుపట్టదు. ఒకే విషయాన్ని మూడు రకాలుగా చెప్పి చూపించాలి. చీకటి దుప్పటిలా ఊరిని కప్పింది, ఇది ఉపమ. ఊరంతా చీకటి దుప్పటి కప్పుకుంది, ఇది రూపకం, ఇక్కడ పోలిక పోయి రెండూ ఒకటైపోయాయి. ఊరికి చలేస్తుందని ఎవరో దుప్పటి కప్పారేమో అన్నట్టుంది ఈ చీకటి, ఇది ఉత్ప్రేక్ష, ఊహ. ఇప్పుడు పిల్లల్ని ఎండ మీద ఇలాగే మూడు రకాలుగా రాయమనండి. శబ్దాలంకారాలు ఎలాగూ వింటేనే తెలుస్తాయి. రసాలు తొమ్మిదీ బాక్సులో వేయడం వల్ల ఎవరికీ నష్టం లేదు, లాభమూ లేదు.

ఇక వచన కవిత. దీనికి మీరు ఇచ్చిన స్థలం రెండు లైన్లు, అందులో ఒక లైను "ఛందో నియమాలు లేనిది" అని. లేనిది ఏమిటో చెప్పారు, ఉన్నది ఏమిటో చెప్పలేదు. దీనివల్లే పిల్లలు మామూలు వాక్యాన్ని ముక్కలు ముక్కలుగా నరికి కింద కింద రాసి కవిత అంటున్నారు, వాళ్ళని అనడానికీ లేదు. నిజానికి గణాలు పోయాక పాదం విరుపు మీద ఇంకా ఎక్కువ భారం పడుతుంది. చిన్న ఉదాహరణ, నేను ఇప్పుడే అల్లింది, గొప్పదేం కాదు.

తలుపు తట్టింది
ఎవరో కాదు
గాలి

ఇవే మాటలు, ఇదే వరస, విరుపు మాత్రం మార్చి రాస్తాను.

తలుపు తట్టింది ఎవరో
కాదు
గాలి

మొదటిదాంట్లో తట్టింది ఎవరో ముందే తెలిసిన మనిషి మాట్లాడుతున్నాడు, పరాయివాళ్ళెవరూ కాదు గాలే అంటున్నాడు. రెండోదాంట్లో ఎవరో వచ్చారని ఆశపడి లేచి, కాదని తెలిసి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ఒక్క "కాదు" ఏ లైనులో ఉందన్న దాన్ని బట్టి మనిషే మారిపోయాడు. వచన కవితలో నియమం లేదని అనేవాళ్ళు దీన్ని ఏమంటారు? విరుపు, భావచిత్రం, ఎత్తుగడ, ముగింపు, ఒక మాటని మళ్ళీ మళ్ళీ తెచ్చే తీరు, ఇవన్నీ విద్యార్థికి చెప్పాల్సిన మూలాంశాలే. గ్రాంథికం పద్యాలంటే టెన్షన్ పడే పిల్లలు ఇక్కడి నుంచి మొదలై తర్వాత పద్యానికి వచ్చినా నాకు అభ్యంతరం లేదు. పద్యం గొప్పదా వచన కవిత గొప్పదా అన్న తగవు పెద్దవాళ్ళు పెట్టుకున్నది, దాన్ని పిల్లల పేజీ దాకా తీసుకురానక్కర్లేదు.

రాయించడానికి చిన్న ప్రక్రియలు బాగా పనికొస్తాయి, వాటి ఊసే మీ పేజీలో లేదు. ఎన్. గోపి గారు మొదలుపెట్టిన నానీలు ఉన్నాయి, నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాల లోపు చెప్పేయాలి. ఆ లెక్క పిల్లలకి ఆటలా ఉంటుంది, 27 వచ్చినప్పుడు ఏ మాట అనవసరమో వాళ్ళే వెతుక్కుంటారు, ఎడిటింగ్ అంటే ఏమిటో ఇంతకన్నా బాగా నేర్పే దారి నాకు తెలియదు. జపాన్ నుంచి వచ్చిన హైకూ ఉంది, మూడు పాదాలు, మూలంలో 5, 7, 5 లెక్క, తెలుగులో ఆ లెక్కని చాలామంది పట్టించుకోరు, చూసిన దృశ్యాన్ని వ్యాఖ్యానం లేకుండా చెప్పడం ముఖ్యం. గజల్, రుబాయి కూడా తెలుగులో దాశరథి, సినారె లాంటివాళ్ళ చేతుల్లో పండాయి. పద్యంలోనే రాస్తానన్న పిల్లలకి ద్విపద ఇవ్వండి, రెండే పాదాలు, పాదానికి మూడు ఇంద్రగణాలు ఒక సూర్యగణం. మొదటి రోజే సీసం ఇచ్చి బెదరగొట్టొద్దు, పాదానికి ఆరు ఇంద్రగణాలూ రెండు సూర్యగణాలూ నింపి, కింద ఆటవెలదో తేటగీతో తగిలించే ఓపిక పెద్దవాళ్ళకే ఉండదు.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. వారానికి ఒక్క పద్యమో కవితో వేయండి, పెద్ద అక్షరాల్లో, చుట్టూ ఖాళీ వదిలి. దాని కింద ఒక్క లక్షణం చెప్పండి, ఒక్కటే, ఆ పద్యంలో బాగా వినిపించేది. తాత్పర్యం వెంటనే వేయకండి, వచ్చే వారం వేయండి, ఈలోపు పిల్లలు కొట్టుకు చావనివ్వండి. పట్టికలు కావాలంటే పరీక్షల ముందు ఒకసారి వేసుకోవచ్చు, ఎవరూ వద్దనరు.

పట్టిక అంటే గుర్తొచ్చింది, దాంట్లో శార్దూలానికీ మత్తేభానికీ రెండింటికీ యతి 13వ అక్షరం అని పడింది. శార్దూలానికి 13 సరైనదే. మత్తేభానికి 14 ఉండాలి, పైన చెప్పినట్టు మొదటి గురువు రెండు లఘువులైంది కాబట్టి ఒకటి ముందుకి జరుగుతుంది. అనుమానం ఉంటే "సిరికిం జెప్పడు శంఖచక్రయుగముం జేదోయి సంధింప డే" అని వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి, "సి"కి జవాబు పలికే "జే" 14వ అక్షరంగానే వస్తుంది. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, పిల్లలు మీ పేజీ కత్తిరించి దాచుకున్నారు, కాబట్టి ఈ సవరణ వచ్చే సంచికలోనే, కాస్త కనబడే చోట వేయగలరు.

ఇట్లు,
ఒక తెలుగు మాస్టారు